ఆదివారం డబ్బా

మా పిన్ని మిషన్ పక్కన పెట్టుకునే నీళ్ళ సీసా పొద్దున ఎంత నిండుగా ఉంటుందో సాయంత్రం కూడా అంతే నిండుగా ఉంటుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు కంపెనీ గేటు పక్కనున్న సిమెంటు తొట్టెలో ఆ నీళ్ళు పోసేస్తుంది. మొత్తం కంపెనీలో ఏపుగా ఉన్నది ఆ తొట్టెలో మొక్క ఒక్కటే. "దానికేం, టార్గెట్టా ఏమన్నానా" అంటుంది పిన్ని సీసా మూత బిగిస్తూ.

పిన్ని చొక్కాలకు కాలర్లు కుడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. లైనులో అందరూ కాలరక్క అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు వేసేటప్పుడు తప్ప వినపడదు. నలభై మంది కూర్చునే మా లైనులో ఒకరు జేబులు కుడతారు, ఒకరు చేతులు అతుకుతారు, ఒకరు గుండీలకు కాజాలు తీస్తారు. అవి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాయి. కాలరు సర్దుకోదు. రెండు మొనలూ కవల పిల్లల్లా ఉండాలి. ఒకటి నేల చూపూ ఇంకొకటి పక్క చూపూ చూశాయంటే చొక్కా మొత్తం తిరిగి వస్తుంది. పిన్ని చేతిలో అవి ఎప్పుడూ చెప్పిన మాట వింటాయి. ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆమె మనుషుల్ని మొహం కంటే ముందు మెడ దగ్గర చూస్తుంది. బస్సులో ఎవరైనా విసుక్కుంటే నా చెవిలో, "పదహారున్నర మెడ, పదహారు తొడిగాడు. విసుగు రాదూ మరి" అంటుంది.

నేను తొమ్మిదో తరగతి సగంలో ఉండగా అమ్మ మంచాన పడింది. చూసుకునేవాళ్ళు లేక బడి మానేశాను. అమ్మ పోయాక పిన్ని నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. లైను చివర, కుట్టడం అయిపోయిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే పనిలో పెట్టించింది. నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడనివాళ్ళ ముందు జనం దాపరికం లేకుండా ఉంటారు.

మా లైనుకి ఒక పలక ఉంది. నిజం పలక కాదు, అరచేతి వెడల్పున్న చెక్కముక్క. దాని మీద ఎర్ర రంగుతో మా లైను నంబరు, నాలుగు అంకె, వేసి ఉంటుంది. లైను మేడమ్ బల్ల పక్కన మేకుకి వేలాడుతుంది. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే అది తీసుకుని వెళ్ళాలి, తిరిగొచ్చి మళ్ళీ తగిలించాలి. ఒకరి చేతిలో ఉండగా ఇంకొకరు లేవకూడదు. నలభై మందికి ఒక్క పలక. దానికి ఆ పేరు పెట్టింది కాజాల అత్త. ఆమె పిన్ని వెనక మిషన్ మీద కాజాలు తీస్తుంది, ఇంటి దగ్గర మా పక్క గదిలోనే ఉంటుంది. నేను పనిలో చేరిన రోజున నన్ను దగ్గరికి పిలిచి, "బడి మానేశానని దిగులు పడకే. ఇక్కడ మేమంతా పలక పట్టినవాళ్ళమే" అంది. లైను లైనంతా నవ్వారు. నాకు ఆ నవ్వు అర్థం కావడానికి ఒక పూట పట్టింది.

పలక పట్టుకోవడం అందరికీ ఒకటి కాదు. నాలాంటిది లేస్తే లోకం ఆగదు. పిన్ని లేస్తే ఆమె వెనక మిషన్ల దగ్గర చొక్కాలు గుట్ట పడతాయి, ముందున్న వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. చేతులు అతికే ఆమె అప్పుడు చిన్నగా ఒక దగ్గు దగ్గుతుంది. ఆ దగ్గుకి జలుబూ లేదు, జ్వరమూ లేదు. ఆ దగ్గు వినలేకే పిన్ని లేవడం మానేసింది. లేవకుండా ఉండాలంటే తాగకుండా ఉండాలి. మొదట్లో కష్టంగా ఉండేదట. తర్వాత దాహమే వెయ్యడం మానేసిందట. "ఒంటికి ఏది నేర్పితే అదే. మిషన్ కంటే నయం, నూనె కూడా అడగదు" అంటుంది.

ఇంటి దగ్గర కూడా అంత తేడా ఏమీ లేదు. వరసగా ఎనిమిది గదులు, చివర రెండు బాత్రూములు. ఒకదానికి గొట్టం పగిలిందని ఇంటావిడ తాళం వేసి ఏడాది దాటింది. పొద్దున అయిదింటికి కుళాయి వస్తుంది, ఆరింటికి పోతుంది. ఆ గంటలోనే నీళ్ళు పట్టాలి, వండాలి, రెండో బాత్రూమ్ ముందు బకెట్ పెట్టి వరస కాయాలి. ఏడింటికి బస్సు.

రెండేళ్ళుగా పిన్నికి నడుం పక్కన నొప్పి. అప్పుడప్పుడు చలితో జ్వరం. కంపెనీలో మందుల గది ఉంది. అక్కడి నర్సు ఏ నొప్పికైనా తెల్ల మాత్ర ఒకటి ఇస్తుంది. "ఓటులాగ, అందరికీ ఒక్కటే" అని పిన్ని దాన్ని ఓటు మాత్ర అనేది. మాత్ర వేసుకోవడానికి తాగే గుక్కెడు నీళ్ళే ఆ పూటకి ఆమె తాగే నీళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం పదిహేడు చొక్కాలు వెనక్కి వచ్చాయి. పదిహేడింటికీ ఎడమ మొన కిందికి జారి ఉంది. పిన్ని వాటిని బల్ల మీద పరిచి, తనవి కానట్టుగా చూసింది. నేను లైను చివర నుంచి చూస్తున్నాను. ఆమె ఎడమ పక్కకి ఒరిగి కూర్చుని ఉంది. నొప్పిని నొక్కిపట్టి కుడితే గుడ్డ కూడా అటే జారింది.

లైను మేడమ్ వచ్చి ఒక చొక్కా ఎత్తి చూసింది. ఆమె కూడా పదేళ్ళ క్రితం మిషన్ మీద కూర్చున్న మనిషే.

"నీ కాలరు తిరిగి రావడం నేను చూడలేదు కాలరక్కా."

"నేనూ చూడలేదు మేడమ్."

"రేపు ఆసుపత్రికి వెళ్ళు. ఒక్కరోజే. ఎల్లుండి కనపడాలి."

పెద్దాసుపత్రికి నన్ను తోడు తీసుకెళ్ళింది. పొద్దున ఏడింటికి వరసలో నిలబడితే పదకొండింటికి డాక్టరమ్మ దగ్గరికి చేరాం. డాక్టరమ్మ చిన్న వయసుదే. తెల్లకోటు కాలరు ఒకవైపు లోపలికి మడిచిపోయి ఉంది. పిన్ని మాట్లాడినంతసేపూ దాన్నే చూస్తోంది, వెళ్ళి సరిచేస్తుందేమోనని నాకు భయం వేసింది.

స్కానింగ్ చూసి డాక్టరమ్మ, "రెండు కిడ్నీల్లోనూ రాళ్ళున్నాయమ్మా. చిన్నవే, కానీ చాలా ఉన్నాయి. ఎడమది వాచింది. అది ఇప్పటికే అలిసిపోయింది. కుడిది కూడా ఇదే దారి పడితే ఇక మన చేతిలో ఏమీ ఉండదు" అంది. తర్వాత అడిగింది, "నీళ్ళు బాగా తాగుతావా?"

"తాగుతానండి."

"బాత్రూమ్‌కి సరిగ్గా వెళ్తావా?"

"అందరిలాగే వెళ్తానండి."

అది అబద్ధం కాదు. మా లైనులో అందరూ అలాగే వెళ్తారు.

రాళ్ళు ఎందుకు పడుతున్నాయో, కిడ్నీ ఎంత పనిచేస్తోందో తెలియాలంటే ఒక రోజు మూత్రం మొత్తం పట్టి తేవాలంది. దాన్ని బట్టే మందు. పరీక్షల కిటికీ దగ్గర అద్దాలు పెట్టుకున్నాయన మాకు తెల్లటి అయిదు లీటర్ల డబ్బా ఒకటి ఇచ్చాడు. పక్కన అర లీటరుకొక గీత. పాఠం అప్పజెప్పినట్టు గబగబా చెప్పాడు: "పొద్దున లేవగానే మొదటిసారిది వదిలెయ్యాలి. అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిసారిది దాకా ఒక్క చుక్క బయట పోకుండా ఇందులో పట్టాలి. ఇరవై నాలుగు గంటలు. చల్లగా ఉన్నచోట పెట్టాలి. మధ్యలో బయట పోసినవాళ్ళు మళ్ళీ మొదట్నుంచి పట్టాలి."

బయటికి వచ్చాక పిన్ని డబ్బాని పైటచెంగు కింద పెట్టుకుని నడిచింది. "ఇరవై నాలుగు గంటలు ఎప్పుడు కుదురుతుందే? ఆదివారం పడదాం" అంది. నాకూ అదే తోచింది. కంపెనీకి డబ్బా పట్టుకెళ్ళే మాట ఎవరి బుర్రకీ రాదు.

ఆ ఆదివారం మా గదిలో ఒక వేడుకలాగే గడిచింది. బాబాయి గోడలకు రంగులు వేసే పని చేస్తాడు, ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. డబ్బాని కుండ పక్కన తడిగుడ్డ చుట్టి పెట్టి, దానికి తనే కాపలా అన్నాడు. "నా జీవితంలో ఇంత పెద్ద ఉద్యోగం ఇదే" అన్నాడు. పిన్ని గిన్నె పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళడం, మీద గుడ్డ కప్పుకుని రావడం, తలుపు వేసుకోవడం కాజాల అత్త గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. నాలుగోసారికి ఆగలేక అడిగింది.

"ఏంటి కాలరక్కా, పొద్దుట్నుంచి దాచుకుని దాచుకుని తెస్తున్నావు? మాకూ కాస్త పొయ్యరాదూ?"

బాబాయి గోడకి ఆనుకుని కూలబడి నవ్వాడు. పిన్ని నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పెట్టేసింది.

ఆ రోజు పిన్ని నీళ్ళు తాగడం చూశాను. చెంబు ఎత్తి గడగడా తాగింది. బట్టలు ఉతికి తాగింది, వండి తాగింది. మధ్యాహ్నం తలుపు దగ్గర గాలికి పడుకుని, లేచి మళ్ళీ తాగింది. మధ్యాహ్నం పూట బాత్రూమ్ దగ్గర వరస ఉండదు. సాయంత్రానికి ఆమె మొహం తేటగా అయింది. సోమవారం పొద్దునకి డబ్బా అయిదో గీత దాటి, ఆరో గీత దగ్గర ఆగింది. పిన్ని పనికి వెళ్ళింది. నేను ఒక పూట సెలవు పెట్టి డబ్బా తీసుకెళ్ళాను. అద్దాలాయన ఎత్తి చూసి, "చూడండి, పట్టడమంటే ఇలా పట్టాలి" అని వెనకున్న వరసకి కూడా చూపించాడు. నాకు పరీక్ష పాసైనట్టు అనిపించింది.

వారం తర్వాత డాక్టరమ్మ ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. "అన్నీ బాగానే ఉన్నాయి. ఇంత చక్కగా నీళ్ళు తాగే మనిషికి ఇన్ని రాళ్ళు ఎందుకు పడుతున్నాయో నాకు అర్థం కావడం లేదు. ఇప్పటికైతే మందేమీ అక్కర్లేదు. నొప్పికి మాత్ర రాస్తాను." తెల్ల మాత్ర రాసింది. పిన్ని లేచి దణ్ణం పెట్టింది. బాగానే ఉందన్న మాట పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసింది.

నేను కదల్లేదు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "అది ఆదివారం పట్టిందండి."

"అయితే?" అంది డాక్టరమ్మ.

"ఆదివారం సెలవండి."

పిన్ని వెనక నుంచి నా జడ పట్టి లాగింది, "దీనికి ఏదో ఒకటి వాగడం అలవాటండి." నాకు వాగడం అలవాటు లేదని ఆమెకి తెలుసు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"మిగతా రోజుల్లో ఎన్నిసార్లు వెళ్తావమ్మా?"

పిన్ని, ఆ రోజూ లోపలికి మడిచిపోయి ఉన్న ఆమె కాలరు వైపే చూస్తూ చెప్పింది. "పొద్దున ఇంట్లో ఒకసారి. సాయంత్రం ఇంటికెళ్ళాక ఒకసారి. మధ్యలో ఎప్పుడన్నా మరీ తప్పకపోతే."

"అందరిలాగే అన్నావుగా."

"అందరూ అంతేనండి."

డాక్టరమ్మ చేతిలోని కాగితాన్ని మడిచేసింది. తర్వాత, "పనిచేసే రోజున పట్టి తీసుకురా. ఎప్పుడూ ఎలా ఉంటావో అలాగే ఉండి" అంది.

మంగళవారం పట్టాం. ఆసుపత్రిలో మళ్ళీ ఇచ్చిన డబ్బా ఇంట్లోనే ఉంది. కంపెనీకి ఒక వెడల్పు మూత సీసా తీసుకెళ్ళాం. గేటు దగ్గర సంచులు తడిమే ఆవిడ, మేమంతా గేటక్క అంటాం, ఖాళీ సీసా ఎందుకని అడిగింది. నీళ్ళకని పిన్ని చెప్పింది. మధ్యాహ్నం మూడింటి దాకా దాని అవసరమే పడలేదు. మూడున్నరకి పిన్ని కళ్ళు పలక మేకు మీద నిలిచాయి. పలక అప్పుడు జేబులు కుట్టే అమ్మాయి దగ్గర ఉంది. చేతులు మారి మారి అది తిరిగి మేకుకి చేరేసరికి ముప్పావు గంట అయింది. పిన్ని సీసా కొంగులో చుట్టుకుని వెళ్ళింది. చేతులు అతికే ఆమె ఒకసారి దగ్గింది.

సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు గేటక్క సంచిలో చెయ్యి పెట్టింది. గుడ్డముక్కలు, దారం ఉండలు బయటికి పోకుండా చూడటం ఆమె పని. సీసా బయటికి తీసి, మూత సగం తిప్పి, ఆగిపోయింది. పిన్ని నేల చూపులు చూసింది. వెనక వరస పెరుగుతోంది. గేటక్క మూత బిగించి, సీసాని తనే సంచి అడుగున పెట్టి, పైన టిఫిను డబ్బా సర్దింది.

"నాకూ ఇది రాసిచ్చారు, పోయినేడు" అంది గొంతు తగ్గించి.

"ఏమొచ్చింది?" అంది పిన్ని.

"పట్టలేదు. తొమ్మిది గంటలు ఈ గేటు వదిలి ఎక్కడికి పోతాను? వెళ్ళు అక్కా."

బుధవారం పొద్దున మొదటిసారిది కూడా పోశాక డబ్బాలో చూశాం. మొదటి గీతకి కాస్త కింద ఉంది. అర లీటరు కూడా లేదు. రంగు మరిగిన టీలా ఉంది. బాబాయి ఈసారి ఏ జోకూ వెయ్యలేదు. కొలిచే గీత పక్కన వేలు పెట్టి, వంగి చూసి, "ఒక రోజుదేనా ఇది?" అని మాత్రం అడిగాడు.

నేను ఒక్కదాన్నే తీసుకెళ్ళాను. అద్దాలాయన డబ్బా ఎత్తి ఊపి చూశాడు.

"ఇదేంటమ్మాయ్? ఒక్కపూటది తెచ్చావు."

"ఒక రోజుదండి."

"సగం బయట పోసి ఉంటారు. మళ్ళీ పట్టండి."

"పొయ్యలేదండి. అంతే వచ్చింది."

"అంతే వస్తే మనిషి బతకదు."

వెనక వరసలో ముప్పై మంది ఉన్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. "బతికే ఉందండి. ఇప్పుడు కాలర్లు కుడుతోంది" అన్నాను. వరసలో ఎవరో నవ్వారు. నేను నవ్వించాలని అనలేదు. ఆయన చీటీ మీద 'సరిగ్గా పట్టలేదు' అని రాసి డబ్బా నా వైపు తోశాడు. అబద్ధం చెప్పిన డబ్బాని వరసకంతా చూపించి మెచ్చుకున్నాయన, నిజం చెప్పిన డబ్బాని ముట్టుకోనన్నాడు.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని డాక్టరమ్మ గది బయట బల్ల మీద కూర్చున్నాను. ఒంటిగంటకి ఆమె బయటికి వచ్చింది. నేను లేచి డబ్బా చూపించాను. ఆమె దాన్ని తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

"ఇదేనా మొత్తం?"

"ఇదేనండి."

"ఇక పరీక్ష దేనికి" అని లోపలికి వెళ్ళి కూర్చుని ఒక ఉత్తరం రాసింది. ఈమెకు రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తప్పనిసరి, రెండు గంటలకోసారి బాత్రూమ్‌కి వెళ్ళనివ్వాలి, లేకపోతే రెండు కిడ్నీలూ దెబ్బతింటాయి అని. కింద సంతకం, ముద్ర. "ఇదే మందు. దీన్ని కంపెనీలో ఇవ్వు" అంది.

దారి పొడుగునా ఆ కాగితాన్ని నాలుగైదుసార్లు తీసి చదువుకున్నాను. నీళ్ళు తాగడానికి డాక్టరు ముద్ర వేసిన కాగితం. పిన్నికి చూపిస్తే రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా కూడబలుక్కుని చదివింది. "మూడు లీటర్లంటే ఈ సీసాలు మూడు. మూడు సీసాలు తాగి, పలక పట్టుకుని, రోజుకి నాలుగుసార్లు. చేతులు అతికే దానికి క్షయ వస్తుంది దగ్గి దగ్గి" అని నవ్వింది. ఆ నవ్వు చాలా రోజులకి చూశాను.

గురువారం పొద్దున లైను మేడమ్ ఆ ఉత్తరం నిలబడే చదివింది. "నేనే పైకి తీసుకెళ్తాను" అంది. ఆఫీసు మేడ మీద ఉంటుంది. ఆమె మెట్లు ఎక్కడం లైనంతా చూసింది. అరగంట తర్వాత దిగింది. పిన్ని మిషన్ దగ్గరికి రాకుండా ముందు తన బల్ల దగ్గర ఆగి, పలకని మేకు మీద అటూ ఇటూ జరిపింది.

"గట్టిగానే అడిగాను కాలరక్కా."

"ఏమన్నారు మేడమ్?"

"నీకొక్కదానికి విడిగా పలక ఇస్తే మిగతా ముప్పై తొమ్మిది మందీ అడుగుతారంట. ఇవ్వకపోతే రేపు ఏమన్నా అయినప్పుడు ఈ ఉత్తరం వాళ్ళ మెడకి చుట్టుకుంటుందంట. రెండూ కుదరవు కాబట్టి, ఒంట్లో బాగున్నట్టు ఆసుపత్రి నుంచి కాగితం తెచ్చేదాకా జీతం లేకుండా ఇంటి దగ్గర ఉండమన్నారు."

"ఎన్నాళ్ళు?"

"నెల దాకా నీ చోటు ఎవరికీ పక్కా చెయ్యకుండా ఆపుతాను. అంతకంటే నా చేతిలో లేదు."

పిన్ని మిషన్ వైపు తిరిగింది. సూది కింద సగం కుట్టిన కాలరు ఉంది. దాన్ని పూర్తి చేసి, దారం తెంపి, మిషన్ మీద గుడ్డ కప్పి, అప్పుడు లేచింది. కాజాల అత్త సంచి అందించింది. ఆ మధ్యాహ్నానికే ఆ మిషన్ మీద కొత్తమ్మాయి కూర్చుంది. ఆ సాయంత్రం పద్నాలుగు చొక్కాలు వెనక్కి వచ్చాయి. మర్నాడు తొమ్మిది. ఆ తర్వాత మూడు. రోజూ ఇంటికి వచ్చి ఆ లెక్క చెప్పకుండా ఉండాలని చూసేదాన్ని. పిన్ని అడిగేది.

ఇంటి దగ్గర పిన్నికి ప్రతి రోజూ ఆదివారమే అయింది. నీళ్ళు తాగింది, నడిచింది, పడుకుంది. రెండు వారాలకి జ్వరం పోయింది. నడుం నొప్పి ఎప్పుడో ఒకసారి గుర్తొచ్చేది. మొహం నిండింది. కానీ వానలు పట్టుకున్నాయి. వానల్లో గోడలకి రంగులు ఎవరూ వేయించరు. బాబాయి కుంచెలు మంచం కింద ఎండిపోయి ఉన్నాయి. ఒకరోజు నేను వచ్చేసరికి పిన్ని నా పాత బడి చొక్కా కాలరు విప్పి, తిరగేసి మళ్ళీ చేత్తో కుడుతోంది. అది చిరగనే లేదు. "వేళ్ళు మర్చిపోతాయేమోనని" అంది. కాసేపాగి, "ఆ పిల్ల ఇవాళ ఎన్ని తిరిగి తెప్పించుకుంది?" అంది.

"ఒకటి."

సూది ఆగింది. "రేపు వెళ్ళి డబ్బా అడిగి తీసుకురా" అంది పిన్ని.

డబ్బా పట్టడం ఈసారి చాలా తేలికైపోయింది. ఆరో గీత కూడా దాటింది. అద్దాలాయన తీసుకుంటూ, "ఇప్పుడు నేర్చుకున్నారు" అన్నాడు.

మంగళవారం ఇద్దరం వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చూసింది, పిన్నిని చూసింది. "ఎంత బాగున్నావో చూడు. ఇలాగే ఉంటే ఎడమది కూడా కోలుకుంటుంది."

"అయితే బాగున్నట్టు రాసివ్వండి డాక్టరమ్మా."

డాక్టరమ్మకి అప్పుడు అర్థమైంది. ఉత్తరం ఏమైందని అడిగింది. పిన్ని చెప్పింది. ఫిర్యాదులా కాకుండా, ఎవరి కథో చెప్పినట్టు చెప్పింది.

"నేను సంతకం పెడితే నువ్వు మళ్ళీ అక్కడికే వెళ్తావు."

"అవునండి."

"వెళ్తే ఆర్నెల్లలో మళ్ళీ ఇక్కడికి వస్తావు. ఈసారి ఇంత బాగా ఉండదు."

"పెట్టకపోతే ఏమవుతుందండీ?"

డాక్టరమ్మ తలుపు వైపు చూసింది. బయట పేర్లు పిలుస్తున్నారు. తలుపు సందులోంచి ఎవరో తొంగి చూసి వెళ్ళారు. పిన్ని కుర్చీ అంచుకి జరిగింది. "నాకు వచ్చింది ఆ ఒక్క పనే డాక్టరమ్మా. ఆ పిల్ల కూడా నేర్చేసుకుంటోంది."

"తాగుతానని మాటివ్వు."

"తాగుతానండి."

మొదటి రోజు కూడా ఈ మాటే అంది. డాక్టరమ్మకీ అది గుర్తొచ్చినట్టుంది. సంతకం పెట్టేముందు కలం కాగితం మీద ఆనించి కాసేపు అలాగే ఉంచింది. సిరా చిన్న మచ్చ పడింది. తర్వాత సంతకం పెట్టి, మూడు నెలలకోసారి మంగళవారం వచ్చి కనపడమంది. పిన్ని సరేనంది. మంగళవారం పనిరోజని నేనూ అనలేదు. పిన్ని లేచి, అప్పుడిక ఆగలేక, చెయ్యి చాచి ఆమె తెల్లకోటు కాలరు పైకి తీసి సరిచేసింది. ఆమె అలాగే కూర్చుని చేయించుకుంది.

పిన్ని తిరిగి చేరిన రోజున లైను మేడమ్ కొత్తమ్మాయిని జేబుల వైపు మార్చింది. పిన్ని మిషన్ తుడిచి, దారం ఎక్కించి, కుడి పక్కన సీసా పెట్టుకుంది. మాట ఇచ్చింది కాబట్టి పది గంటలకి మూత తీసి నాలుగు గుక్కలు తాగింది. తాగి, మూత బిగించి, అక్కడి నుంచి సీసా వైపు చూడలేదు. మధ్యాహ్నం రెండింటికి ఆమె మోకాళ్ళు దగ్గరికి చేర్చి కూర్చోవడం లైను చివర నుంచి నాకు కనపడింది. పలక మేకు మీదే ఉంది. నేను కత్తెర కింద పెట్టి, లేచి వెళ్ళి, పలక తీసి, పిన్ని మిషన్ పక్కన పెట్టాను. లైను మేడమ్ చూసింది, తల తిప్పుకుంది.

పిన్ని కాలరు మీంచి కళ్ళు ఎత్తలేదు. "తీసి అక్కడ పెట్టెయ్యవే. గుట్ట పడుతోంది."

"నువ్వు వెళ్ళొచ్చెయ్ పిన్నీ. రెండు నిమిషాలే కదా."

"ఇదయ్యాక వెళ్తాలే. నువ్వు పో, నీ దారాలు చూసుకో."

ఎవరూ దగ్గలేదు. దగ్గక ముందే పిన్ని వినేసింది. నేను పలక తీసుకెళ్ళి మేకుకి తగిలించాను. సాయంత్రం దాకా దాన్ని చాలామంది తీసుకెళ్ళారు, తెచ్చి పెట్టారు. పిన్ని లేవలేదు. కాలర్లన్నీ కవల పిల్లల్లా వచ్చాయి. ఒక్క చొక్కా కూడా తిరిగి రాలేదు. కాజాల అత్త, "మా కాలరక్క వచ్చేసిందోయ్" అని లైనంతా వినపడేలా అంది. పిన్ని మొహంలో ఒక్క క్షణం గర్వం మెరిసింది. మాకందరికీ నిజంగానే సంతోషంగా ఉంది.

గేటు దగ్గర గేటక్క సంచి తడిమి, పిన్నిని చూసి నవ్వింది. తర్వాత సిమెంటు తొట్టె వైపు చూపించింది. మొక్క ఆకులు వేలాడేసి ఉంది. పైన చూరు ఉండటంతో అన్ని వానల్లోనూ ఆ తొట్టెలో చుక్క పడలేదు.

"నువ్వు లేక వాడిపోయింది అక్కా" అంది గేటక్క.

పిన్ని సంచిలోంచి సీసా తీసింది. నాలుగు గుక్కలు తక్కువగా, నిండుగానే ఉంది.